బిడ్డ కదలికలు, చేతిలో ఫోను, అవతల ఎత్తే మనిషి

నెలవారీ పరీక్షకు వచ్చిన గర్భిణిని మన ఆరోగ్య కేంద్రాల్లో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "బిడ్డ బాగా ఆడుతోందా?" ఆమె తల ఊపుతుంది. తల్లీబిడ్డల రక్షణ కార్డులో కదలికల గడిలో ‘సాధారణం’ అని నమోదవుతుంది, వరుసలో తర్వాతి పేరు పిలుస్తారు. ఆ గడిలో ‘తగ్గాయి’, ‘లేవు’ అని రాసే వీలు కూడా ఉంది. నర్సింగ్ విద్యార్థినులకు పాఠాలు చెప్పే ఉద్యోగంలో వాళ్ళను వెంటబెట్టుకుని ఇటువంటి పరీక్షలకు చాలాసార్లు వెళ్ళాను గాని, ‘తగ్గాయి’ అని రాసిన కార్డులు నా కంటబడింది బహు అరుదు. అందరి బిడ్డలూ బాగున్నందువల్లనే అలా జరిగిందనుకోవడానికి లేదు. బాగా ఆడటమంటే ఏమిటో, ఎప్పటితో పోల్చి చెప్పాలో, తగ్గితే ఎవరికి, ఎంతసేపట్లో చెప్పాలో ఆ ప్రశ్నకు ముందు ఎవరూ ఆమెకు వివరించలేదు. ఎవరూ నేర్పని విషయంలో పరీక్ష పెడితే అందరూ తల ఊపడం సహజమే.

ఈ లోటును మొబైల్ ఫోనుతో పూడ్చవచ్చన్న ఆలోచన కొన్నేళ్ళుగా అనేక దేశాల్లో ఆచరణకు వచ్చింది. కదలికలు లెక్కపెట్టే యాప్‌లు, వారం వారం వచ్చే సందేశాలు, ముందే రికార్డు చేసిన గొంతుతో మాట్లాడే కాల్స్ ఇలా రకరకాలుగా ప్రయత్నాలు జరిగాయి. నేను ఈ ఆలోచనకు అనుకూలురాలినే. అయితే ఫోనును లెక్కల పుస్తకంగా మార్చి తల్లి చేతిలో పెట్టి, ఇక నీ బిడ్డను నువ్వే కాపాడుకో అని చెప్పే పద్ధతికి మాత్రం నేను వ్యతిరేకిని. ఫోను తల్లికి తన బిడ్డ తీరును గమనించడం నేర్పాలి, తేడా వచ్చిన గంటలో ఆమె మాటను వినవలసిన మనిషి దగ్గరికి చేర్చాలి. ఈ రెండో పని జరగని చోట మొదటిది ఎంత బాగా చేసినా ఫలితం దక్కదని నా వాదన. ఇప్పటిదాకా వచ్చిన ఆధారాలను నేను అర్థం చేసుకున్న తీరు కూడా ఇదే చెబుతోంది.

ముందు కదలికల సంగతి. తొలిచూలు స్త్రీకి సాధారణంగా 18 నుంచి 20 వారాల మధ్య, మలిచూలు స్త్రీకి ఇంకా కొంచెం ముందే బిడ్డ కదలిక తెలుస్తుంది. మాయ (ప్లాసెంటా) పొట్టకు ముందువైపు అతుక్కుని ఉంటే ఇంకొంత ఆలస్యంగా, కాస్త మెత్తగా తెలియవచ్చు. మొదట్లో నీటిబుడగ కదిలినట్టుండేది రానురాను తన్ను అవుతుంది, పొర్లడం అవుతుంది, పక్కటెముకల కింద గట్టిగా పొడవడం అవుతుంది. 32 వారాల దాకా కదలికలు పెరుగుతూ వచ్చి, ఆ తర్వాత ఇంచుమించు అదే స్థాయిలో నిలుస్తాయి. లోపల బిడ్డ నిద్రపోతుంది కూడా. ఆ నిద్ర చాలామటుకు 20 నుంచి 40 నిమిషాలు, ఆరోగ్యంగా ఉన్న బిడ్డలో గంటన్నర దాటడం అరుదు. చాలామంది తల్లులకు సాయంత్రం, రాత్రి వేళల్లో కదలికలు ఎక్కువగా తెలుస్తాయి. ఏ బిడ్డ తీరు ఆ బిడ్డదే కనుక పక్కింటి గర్భిణితో పోల్చుకోవడంలో అర్థం లేదు, నిన్నటి తన బిడ్డతో పోల్చుకోవడంలో ఉంది.

కదలికలు తగ్గితే ఎందుకు భయపడాలన్నదానికి కారణం మాయ పనితీరులో ఉంది. మాయ ద్వారా అందే రక్తం, దానితోపాటు ప్రాణవాయువు తగ్గినప్పుడు బిడ్డ శరీరం ఉన్నదాన్ని మెదడుకూ గుండెకూ మళ్ళిస్తుంది, కాళ్ళూ చేతుల కదలికలను తగ్గించుకుంటుంది. రాబడి తగ్గిన ఇల్లాలు ముందు పండగ ఖర్చులు మానుకుని తిండి ఖర్చు నిలబెట్టుకునే తీరు ఇది. ఎదుగుదల మందగించిన బిడ్డల్లో, రక్తపోటు, మధుమేహం ఉన్న తల్లుల్లో ఈ పరిస్థితి రావడానికి అవకాశం ఎక్కువ. ఇందులో ఒక ఆశ కూడా దాగి ఉంది. కదలికలు తగ్గడానికీ గుండె ఆగడానికీ మధ్య కొన్నిసార్లు గంటలు, కొన్నిసార్లు రోజులు వ్యవధి ఉంటుంది, ఆ వ్యవధిలో పరీక్ష జరిగితే చేయగలిగింది ఉంటుంది. అన్నిసార్లూ కాదు. మాయ ఒక్కసారిగా విడిపోవడం వంటి ప్రమాదాల్లో ఆ వ్యవధి దొరకదు. కదలికలు తగ్గాయని వచ్చిన స్త్రీలలో అత్యధికులకు పరీక్షలో అంతా బాగానే ఉందని తేలుతుందన్న మాట కూడా చెప్పాలి, ఎందుకంటే భయపెట్టి నేర్పిన పాఠం ఎక్కువకాలం నిలవదు.

నేర్పవలసిన దానికి అడ్డుగా మన ఇళ్ళలో స్థిరపడిన కొన్ని నమ్మకాలున్నాయి. నెలలు నిండేకొద్దీ లోపల చోటు చాలక బిడ్డ ఆడటం తగ్గుతుందన్నది వీటిలో అతి ప్రమాదకరమైనది, ఎందుకంటే సరిగ్గా ప్రమాదం పొంచి ఉండే తొమ్మిదో నెలలోనే ఇది తల్లిని నిశ్చింతగా ఉండమంటుంది. కదలికల తీరు మారవచ్చు, తన్నులు తగ్గి పొర్లడం ఎక్కువ కావచ్చు గాని, నొప్పులు మొదలయ్యే దాకా బిడ్డ కదులుతూనే ఉండాలి. చల్లటి నీళ్ళు తాగితేనో తీపి తింటేనో బిడ్డ లేస్తుందన్నది ఇంకొకటి. తాగితే తప్పులేదు, అయితే తాగిన తర్వాత ఒక్కసారి కదిలింది కదా అని పడుకుంటే పోయే సమయం తిరిగి రాదు. బిడ్డ కదలికలను లెక్కపెడితే దిష్టి తగులుతుందన్న అత్తగారిని కూడా చూశాను, ఆవిడతో నేను వాదించలేదు. లెక్కపెట్టవలసిన అవసరం నిజంగానే తక్కువని కింద చెప్పబోతున్నాను కాబట్టి ఆ విషయంలో మా ఇద్దరి దారులూ యాదృచ్ఛికంగా కలిశాయి.

లెక్కపెట్టడానికి ఒక చరిత్ర ఉంది. 1976లో బ్రిటన్‌లోని కార్డిఫ్ నుంచి పియర్సన్, వీవర్ అనే వైద్యులు ప్రచురించిన పరిశోధన నుంచి ‘పది దాకా లెక్క’ అనే పద్ధతి పుట్టింది. 12 గంటల్లో పది కదలికలు కూడా తెలియకపోతే ఆసుపత్రికి రావాలన్నది ఆ నియమం. మన దగ్గర ఇప్పటికీ చాలామంది వైద్యులు చెప్పేది దీని రూపాంతరమే: ఉదయం, మధ్యాహ్నం, రాత్రి గంటసేపు చొప్పున లెక్కపెట్టి, మొత్తాన్ని నాలుగుతో గుణిస్తే 12 గంటల లెక్క వస్తుంది. ఇంటెడు పనీ, పొలం పనీ చేసుకునే స్త్రీ రోజుకు మూడు గంటలు పడుకుని లెక్కపెడుతుందని ఊహించిన ఆ పద్ధతి ఎవరి దినచర్యను చూసి తయారైందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

1989లో రెండు అధ్యయనాలు వెలువడి రెండు దిక్కులు చూపించాయి. అమెరికాలోని శాన్‌డియేగోలో మూర్, పియాక్వాడియో అనే వైద్యులు నియమాన్ని సులభం చేసి, పది కదలికలకు రెండు గంటలకు మించి పడితే వెంటనే రమ్మని గర్భిణులకు చెప్పారు. సగటున 21 నిమిషాల్లోనే పది కదలికలు పూర్తయ్యేవి, గర్భస్థ మరణాలు వెయ్యికి 8.7 నుంచి 2.1కి తగ్గాయి. అయితే వారు పోల్చినది అదే ఆసుపత్రిలోని అంతకు ముందరి కాలంతో. అదే ఏడాది గ్రాంట్ బృందం లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించిన అధ్యయనం అలా కాదు, దాదాపు 68 వేల మంది స్త్రీలను సమూహాలుగా చీటీ పద్ధతిలో విడదీసి, సగం సమూహాలకు రోజూ లెక్కపెట్టడం నేర్పింది. చివరికి రెండు వర్గాల్లోనూ మరణాల రేటు ఇంచుమించు ఒకటే. లెక్కపెట్టడాన్ని అందరికీ నియమంగా విధించడం అనవసరమన్న అభిప్రాయం అప్పటినుంచి బలపడింది.

నాకు వీటన్నిటికంటే నార్వే అనుభవం ఎక్కువ విషయం చెబుతుంది. అక్కడ 14 ఆసుపత్రుల్లో గర్భిణులకు కదలికల గురించి రాతపూర్వక సమాచారం ఇస్తూనే, కదలికలు తగ్గాయని వచ్చిన స్త్రీకి ఎంతసేపట్లో ఏ పరీక్ష చేయాలో వైద్య సిబ్బందికి కూడా నియమాలు ఏర్పరిచారు. 2009లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మృతశిశు జననాలు వెయ్యికి 3 నుంచి 2కు దిగాయి. ఇది కూడా ముందూ వెనకల పోలికే కనుక శాస్త్రీయంగా దీని బలం పరిమితమని ఒప్పుకోవాలి. 2018లో వచ్చిన ‘అఫర్మ్’ అధ్యయనం ఇదే భావనను బ్రిటన్, ఐర్లండ్‌లలోని 33 ఆసుపత్రుల్లో, 4 లక్షలకు పైగా గర్భాలలో పరీక్షించింది. మరణాలు వెయ్యికి 4.40 నుంచి 4.06కు వచ్చాయి గాని, ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పగలిగినంత పెద్దది కాలేదు. మరోవైపు నొప్పులు కృత్రిమంగా రప్పించడం, సిజేరియన్లు పెరిగాయి. ఈ చివరి వాక్యాన్ని తెలుగు పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇక ఫోను. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని 27 ఆసుపత్రుల్లో ‘మై బేబీస్ మూవ్‌మెంట్స్’ పేరుతో ఒక మొబైల్ కార్యక్రమాన్ని పరీక్షించారు. విక్కీ ఫ్లెనడీ నాయకత్వంలో జరిగిన ఈ అధ్యయనంలో ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటిగా వంతులవారీగా కార్యక్రమంలో చేరాయి. యాప్ లెక్కలు అడగదు. కదలికల గురించి అవగాహన కలిగిస్తుంది, తేడా ఉంటే ఆలస్యం చేయవద్దని గుర్తుచేస్తుంది. 2021లో ఫలితాలు వచ్చాయి. దాదాపు 2 లక్షల 90 వేల జననాలను లెక్కలోకి తీసుకోగా, కార్యక్రమానికి ముందు వెయ్యికి 2.4గా ఉన్న మృతశిశు జననాలు తర్వాత 2.2 అయ్యాయి. కాలంతోపాటు సహజంగా వచ్చే మార్పును మినహాయిస్తే ఆ కాస్త తేడా కూడా కార్యక్రమం వల్లనే వచ్చిందని చెప్పడానికి వీల్లేదని తేలింది.

దీన్ని చూపించి, ఫోనుతో నేర్పడం వృథా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, అక్కడ పనికిరానిది ఇక్కడ తప్పక పనికొస్తుందని అనేవారితోనూ ఏకీభవించను. ఆ దేశాల్లో మరణాలు అప్పటికే చాలా తక్కువ, గర్భిణులకు కదలికల గురించి మంత్రసానులు చెబుతూనే ఉన్నారు, కొత్తగా తగ్గించడానికి మిగిలింది కొద్ది. ఐక్యరాజ్య సమితి సంస్థల అంచనా ప్రకారం 2019లో భారతదేశంలో మృతశిశు జననాలు దాదాపు 3 లక్షల 40 వేలు, అంటే వెయ్యికి 14కు దగ్గర. 2014లో ప్రకటించిన నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక దీన్ని 2030 నాటికి వెయ్యికి పదికన్నా తక్కువకు దించాలని లక్ష్యం పెట్టుకుంది. ఇంత ఎక్కువగా ఉన్నచోట అవగాహన వల్ల ప్రయోజనానికి చోటు ఎక్కువే. కాని అదే అంచనాలు మరో సంగతి కూడా చెబుతున్నాయి: ప్రపంచంలోని మృతశిశు జననాల్లో 40 శాతానికి పైగా నొప్పులు మొదలైన తర్వాత, కాన్పు సమయంలో జరుగుతున్నాయి. వాటిని ఆపవలసింది కాన్పు గదిలోని సిబ్బంది, తల్లి ఫోను కాదు. కదలికల పాఠానికి అందేది మిగిలిన భాగంలో కొంత మాత్రమే.

యాప్‌లతో నాకున్న పేచీ వాటి అంకెలతో. మా చెల్లెలి కూతురు ఎనిమిదో నెలలో బెంగళూరు నుంచి రాత్రిపూట ఫోను చేసి, "పెద్దమ్మా, ఇవాళ తొమ్మిదే వచ్చాయి, టైమైపోయింది, ఎర్రగా చూపిస్తోంది" అంది. "రోజూ లాగే ఉందా, తేడాగా ఉందా?" అని అడిగాను. రోజూలాగే ఉందని, సాయంత్రం ఆఫీసు పనిలో ఉండగా బాగానే తన్నిందని, తెర మీద వేలు నొక్కడం మరిచిపోయిందని చెప్పింది. ఈ కథలో నష్టం ఒక రాత్రి నిద్ర. దీనికి తిరగబడిన కథ ఇంకా చెడ్డది. ఎప్పుడూ పావుగంటలో పది కదలికలు తెలిసే తల్లికి ఒకరోజు గంటా యాభై నిమిషాలు పట్టి, అవీ నీరసంగా ఉంటే, రెండు గంటల నియమం పెట్టుకున్న యాప్ పచ్చరంగే చూపిస్తుంది. ఆమె మనసుకు తెలిసిన తేడాను యంత్రం తోసిపుచ్చుతుంది. స్వీడన్‌లో ఇంగెలా రోడెస్టాడ్, ఆమె సహచరులు రూపొందించిన పద్ధతి ఈ చిక్కు నుంచి తప్పించుకుంది. 28 వారాల నుంచి రోజుకు 15 నిమిషాలు, బిడ్డ మెలకువగా ఉన్న వేళ ఎడమ పక్కకు తిరిగి పడుకుని, కదలికల బలం, తీరు, తరచుదనం గమనించమంటారు, లెక్కపెట్టమనరు. స్టాక్‌హోమ్‌లో దాదాపు 40 వేల మందితో జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో పుట్టిన బిడ్డల స్థితిలో తేడా రాకపోయినా సిజేరియన్లు కొద్దిగా తగ్గాయి. రోజుకు పావుగంట అయితే మన ఇళ్ళలోనూ సాధ్యమే. గర్భిణి పావుగంట పడుకోవడాన్ని ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవడానికి వైద్యపరమైన కారణం ఒకటి దొరకడం అదనపు లాభం.

మన సంగతికి వస్తే, ఫోను ఎవరి చేతిలో ఉందన్నది మొదటి ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 48.9 శాతం, తెలంగాణలో 60 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఆ తర్వాత ఈ అంకెలు పెరిగే ఉంటాయి, అయినా సంగతి స్పష్టం: స్మార్ట్‌ఫోను యాప్ మీద ఆధారపడిన ఏ కార్యక్రమమైనా మొదట చేరేది అప్పటికే స్కానింగులూ డాక్టర్లూ అందుబాటులో ఉన్న స్త్రీలకు. ఎదుగుదల తగ్గిన బిడ్డను మోస్తూ, రక్తహీనతతో, రోజుకూలీకి వెళ్తున్న గర్భిణికి అది చేరదు. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను భర్తతో పాటు పనికి వెళ్తుంది.

అందుకని మామూలు ఫోనులో వినబడే గొంతే మనకు పనికొచ్చే సాధనం. దీనికి దేశంలో అనుభవం ఉంది. ముంబయిలో డాక్టర్ అపర్ణా హెగ్డే స్థాపించిన ‘అర్మాన్’ సంస్థ నడిపే ఎంమిత్ర కార్యక్రమం గర్భిణి కోరుకున్న భాషలో, ఆమె ఎంచుకున్న వేళకు కాల్ చేస్తుంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో మొదలుపెట్టిన ‘కిల్కారీ’ నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికొకటి చొప్పున 72 సందేశాలు ఉచితంగా వినిపిస్తుంది. వీటిని మహత్యాలుగా చూడనక్కరలేదు. మధ్యప్రదేశ్‌లో కిల్కారీ మీద జరిగిన అధ్యయనంలో గర్భనిరోధక పద్ధతుల వాడకం కొంత పెరిగినా తల్లిపాల విషయంలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. రికార్డు చేసిన గొంతు చెప్పగలదు గాని తిరిగి వినలేదు, ప్రశ్న అడిగితే జవాబు ఇవ్వలేదు. కదలికల విషయంలో ఈ లోటు మిగతా విషయాల కంటే ఎక్కువ బాధిస్తుంది, ఎందుకంటే ఇక్కడ తల్లికి కావలసింది ఆ రాత్రికి జవాబు.

సందేశం ఎలా ఉండాలో మాటల్లో చెప్పేకంటే నేనే ఒకటి రాసి చూపిస్తాను, బాగులేదనిపిస్తే దిద్దుకోవచ్చు. "అమ్మా, నీకు ఏడో నెల నిండింది. నీ బిడ్డ ఎప్పుడెప్పుడు మెలకువగా ఉంటుందో, ఎలా కదులుతుందో ఇప్పటికే నీకు తెలిసి ఉంటుంది. రోజూ రాత్రి అన్నం తిన్నాక కాసేపు ఎడమ పక్కకు తిరిగి పడుకుని గమనించు. వెక్కిళ్ళను కదలికలుగా అనుకోవద్దు. నెలలు నిండినా బిడ్డ ఆడటం తగ్గకూడదు. ఎప్పటికంటే తక్కువగా, నీరసంగా అనిపిస్తే తెల్లారేదాకా ఆగవద్దు. అనుమానంగా ఉంటే రెండు గంటలు పడుకుని చూడు, పది కదలికలైనా తెలియకపోతే వెంటనే ఈ నంబరుకు ఫోను చెయ్యి. అసలు కదలడమే లేదనిపిస్తే ఆ రెండు గంటలు కూడా ఆగకుండా బయలుదేరు. ఒకసారి వచ్చి వెళ్ళాక మళ్ళీ తగ్గినా మళ్ళీ రా, ఎవరూ ఏమీ అనరు." ఈ పాఠంలో వైద్యం కొత్తది కాదు, రెండు గంటలు, పది కదలికల సలహా బ్రిటన్ ప్రసూతి వైద్యుల కళాశాల 2011 మార్గదర్శకాల్లో ఉన్నదే. నేను ఎక్కువ ఆలోచించింది చివరి మాట గురించి. "ఎవరూ ఏమీ అనరు" అన్నది ఇవాళ నిజం కాదు. దాన్ని నిజం చేయగలిగితేనే ఈ సందేశాన్ని పంపే హక్కు ఎవరికైనా ఉంటుంది.

ఇలాంటి సందేశం గర్భిణి ఒక్కదానికే చేరితే సరిపోదన్నది నా అనుభవం. రాత్రి పదకొండు గంటలకు బయలుదేరాలంటే ఆమె ఒక్కతే నిర్ణయించుకోగల ఇళ్ళు తక్కువ. అత్తగారు "పొద్దున చూద్దాంలే" అంటే ఆ మాట దాటదు. థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు 1994లో తల్లుల ప్రసవ మరణాల గురించి మూడు ఆలస్యాలను వివరించారు: వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో, చేరడంలో, చేరాక వైద్యం అందడంలో. గర్భస్థ శిశువుల విషయంలోనూ ఆ వరుసే వర్తిస్తుంది. భర్త ఫోనుకు కాల్ వస్తోందని కొందరు విచారిస్తారు గాని, అదే కాల్ భర్తకూ అత్తగారికీ వేరుగా వినిపించేలా ఏర్పాటు చేస్తే అది లాభమే. పురిటికి పుట్టింటికి వెళ్ళే మన ఆచారం ఇంకో చిక్కు తెస్తుంది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఆమె మరో ఊరికి మారిపోతుంది, అక్కడి ఆశా కార్యకర్త ఎవరో తెలియదు, తనను పరీక్షించే ఏఎన్ఎం నంబరు అత్తవారి ఊరి కార్డు మీదే ఉండిపోతుంది. సరిగ్గా కదలికలు గమనించవలసిన నెలల్లోనే తెలిసిన మనుషులు మారిపోతారు. ఆమెతోపాటు మారకుండా ఉండేది ఫోను నంబరు ఒక్కటే. కాబట్టి ఆమె ఏ ఊళ్ళో ఉన్నా ఒకే నంబరుకు చేస్తే పలకాలి, పలికినవారు ఆమె ఇప్పుడున్న చోటికి దగ్గర ఆసుపత్రిని చెప్పాలి. 108 వాహనాలను 2005లోనే చూసిన తెలుగువారికి ఒకే నంబరు అన్న ఆలోచన వింతేమీ కాదు. అవతల కూర్చున్నవారికి ‘బిడ్డ కదలడం తగ్గింది’ అన్న ఫిర్యాదు, రక్తస్రావం అంత తొందర విషయమని నేర్పడమే మిగిలిన పని.

ఆసుపత్రి చేరాక ఏం జరుగుతుందన్నది అన్నిటికంటే బరువైన ప్రశ్న. ఆమె వచ్చిన వెంటనే గుండె చప్పుడు వినాలి, తర్వాత ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె వేగాన్ని కాసేపు యంత్రంతో నమోదు చేసే పరీక్ష) తీయాలి, ఎదుగుదల మీద అనుమానముంటే స్కానింగ్ చేసి ఉమ్మనీరూ రక్తప్రవాహమూ చూడాలి. చాలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మొదటిది మాత్రమే సాధ్యం. గుండె కొట్టుకుంటోందంటే బిడ్డ బతికి ఉందని మాత్రమే అర్థం, బాగుందని కాదు. "గుండె కొట్టుకుంటోంది, భయం లేదు, ఇంటికి వెళ్ళు" అని పంపడం వల్ల ఆమె రెండోసారి రావడానికి జంకుతుంది, ఆ రెండోసారే అసలు సమయం కావచ్చు. ఇళ్ళలో వాడే చిన్న డాప్లర్ యంత్రాలు, మైకు ద్వారా గుండె చప్పుడు వినిపిస్తామనే యాప్‌లు ఈ పొరపాటునే ఇంటికి తెస్తున్నాయి. కదలికలు తగ్గిన తర్వాత ఇంట్లో డాప్లర్‌తో చప్పుడు విని ధైర్యం తెచ్చుకుని, ఆసుపత్రికి ఆలస్యంగా చేరి బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి ఉదంతాన్ని 2009లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది. తల్లి నాడినీ మాయలోని రక్తప్రవాహాన్నీ బిడ్డ గుండెగా పొరపడటం శిక్షణ లేనివారికి చాలా సులభం. వాటిని కొనవద్దు.

ఇప్పుడు సిజేరియన్ల సంగతి. అదే జాతీయ సర్వేలో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 42.4, ప్రైవేటులో 63 శాతం. బ్రిటన్‌లో నియమాల ప్రకారం నడిచే ఆసుపత్రుల్లోనే కదలికల కార్యక్రమం కోతలను పెంచినప్పుడు, "బిడ్డ కదలడం లేదమ్మా" అన్న ఒక్క మాట ఇక్కడ ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. తల్లి భయం ఆపరేషన్‌కు అనుమతి పత్రంగా మారిపోతుంది. ఇది కదలికల పాఠం మానుకోవడానికి కారణమని కొందరు మిత్రులు నాతో అంటారు, నేను అలా అనుకోను. సమాచారం తెలిసిన తల్లి వల్ల కాదు, పరీక్షకూ కోతకూ మధ్య నియమం లేనందువల్ల ఆ ప్రమాదం వస్తుంది. 39 వారాలు నిండకుండా, ఎన్‌ఎస్‌టీ బాగుండి, ఎదుగుదల సరిగ్గా ఉండి, కదలికలు మళ్ళీ మామూలైతే ఇంటికి పంపి రెండోసారి వస్తే మళ్ళీ చూడాలన్న నియమం రాతలో ఉండాలి. రాయని నియమాన్ని ఎవరూ తనిఖీ చేయలేరు.

తల్లి మీద పడే నింద గురించి కూడా చెప్పాలి. బిడ్డ చనిపోయి పుట్టినప్పుడు మన ఇళ్ళలో మొదట వినబడేది "నువ్వు చూసుకోలేదా?" అన్న ప్రశ్న. యాప్‌లో రోజువారీ లెక్క నమోదై ఉంటే ఆ ప్రశ్నకు సాక్ష్యం కూడా దొరుకుతుంది, రెండు రోజులు ఖాళీగా ఉన్న గడులు ఆమె నేరానికి రుజువుగా చూపబడతాయి. ఎంత జాగ్రత్తగా గమనించినా ఆపలేని మరణాలు ఉంటాయని పాఠంలోనే చెప్పాలి. అంతకంటే చిన్నదిగా కనబడే మరో పని ఉంది: గర్భం అలా ముగిసిన వెంటనే ఆ నంబరుకు వెళ్ళే కాల్స్ ఆగిపోవాలి. పుట్టిన తేదీని ముందే లెక్కగట్టి కంప్యూటరు పంపే సందేశం, బిడ్డ లేని తల్లికి ఆరు వారాల టీకా గుర్తుచేస్తే ఆమె పడే బాధకు ఏ కార్యక్రమ విజయమూ సమాధానం కాదు. ఆ పని చేయవలసింది కాన్పు జరిగిన ఆసుపత్రిలోని సిబ్బంది, ఒక్క మీట నొక్కితే జరిగేలా ఏర్పాటు ఉండాలి.

ఈ రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఒక జిల్లాలో దీన్ని మొదలుపెట్టేవారికి నేను అడిగేది ఒక్కటే. ఎంతమందికి సందేశం పంపారు, ఎంతమంది చివరిదాకా విన్నారు అన్న లెక్కలతో నివేదిక రాయవద్దు. ప్రతి ఆసుపత్రిలో ఒక రిజిస్టరు పెట్టండి. కదలికలు తగ్గాయని తల్లికి మొదట అనిపించిన సమయం, ఆమె ఫోను చేసిన సమయం, ఫోను ఎత్తిన సమయం, ఆసుపత్రికి చేరిన సమయం, ఎన్‌ఎస్‌టీ తీసిన సమయం, ఇంటికి పంపారా చేర్చుకున్నారా, ఆపరేషన్ చేస్తే ఏ కారణంతో చేశారు, బిడ్డ ఎలా ఉంది అన్నవి అందులో రాయించండి. రాత్రి ఎనిమిది తర్వాత వచ్చినవారి వరుసలను పగటి వరుసలతో పక్కపక్కన పెట్టి, నెలకొకసారి జిల్లా వైద్యాధికారి ముందు చదివించండి.